ముల్లు మధ్యలోనే ఉంది

మొన్న ఆదివారం గరాజ్‌లో కారు కింద దూరి ఉన్నాను. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. మా వీధిలోకి కొత్తగా వచ్చిన తెలుగు కుర్రాడు ఆ కాళ్ళతోనే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"అన్నా, ఏమీ అనుకోకండి. దీని మీద పెట్టిన డబ్బుతో కొత్త ఎలక్ట్రిక్ కారే వచ్చేది కదా! ఇరవై రెండేళ్ళ బండి, నెలకోసారి ఏదో ఒక రిపేరు. ఎందుకన్నా ఈ తలనొప్పి?"

"తలనొప్పి కాదు తమ్ముడూ, నడుం నొప్పి" అని అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. కానీ ప్రశ్న మంచిదే. ఇదే ప్రశ్న ఏడేళ్ళ క్రితం అడిగుంటే నా జవాబు వేరుగా ఉండేది. ఆ జవాబు తప్పని తెలుసుకోవటానికి ఇంటిల్లిపాదినీ హైవే పక్కన నిలబెట్టాల్సొచ్చింది. కాబట్టి కాస్త వివరంగానే చెప్పుకోవాలి.

ముందు బండి గురించి. నాది 2003 మోడల్ బీఎమ్‌డబ్ల్యూ 330ఐ, అయిదు గేర్ల మాన్యువల్. ఈ పిచ్చి ఉన్నవాళ్ళ భాషలో దీన్ని ఈ46 అంటారు. (అంటే 'ఈ నలభై ఆరు' అని కాదు, ఇంగ్లీషు అక్షరం. మా ఆవిడ మాత్రం "ఈ నలభయ్యారు అయ్యాక ఆ నలభయ్యేడు కూడా కొంటారా?" అంటుంది.) 1998లో మార్కెట్లోకొచ్చి, 2006 దాకా రకరకాల రూపాల్లో తయారైంది. మొత్తం ముప్ఫై లక్షలకి పైనే చేశారు. నా బండిలో ఉన్నది ఎం54 అనే ఇంజన్. 2979 సీసీ, 225 హార్స్‌పవర్, ఆరు సిలిండర్లు ఒకే వరసలో. ఈ వరస ఆరుకి ఓ సుగుణం ఉంది. పిస్టన్లు ఒకదాని ఊపుని ఇంకోటి సరిగ్గా రద్దు చేసుకుంటాయి. బాలెన్స్ షాఫ్టుల్లాంటి పై మెరుగులు లేకుండానే ఇంజను నున్నగా తిరుగుతుంది. నడుస్తున్న ఇంజన్ మీద బిళ్ళ నిలబెట్టచ్చు అంటారు. నేనూ ఓ క్వార్టర్ బిళ్ళతో ప్రయత్నించాను. మూడోసారికి నిలబడింది.

2016లో లక్షా పద్ధెనిమిది వేల మైళ్ళు తిరిగినదాన్ని అయిదున్నర వేల డాలర్లకి కొన్నాను. కొన్న మొదటి మూడేళ్ళూ నేను చేసిన పని ఒక్కటే, మార్చటం. కాయిలోవర్లు వేసి బండిని అంగుళంన్నర కిందికి దించాను. పద్ధెనిమిది అంగుళాల చక్రాలు, పొట్టి గేరు రాడ్డు, కాస్త గొంతు పెంచిన ఎగ్జాస్టు. పొద్దున్నే ఆఫీసుకి వెళ్తుంటే ఆ శబ్దానికి పక్కింటి కుక్క గేటు దాకా వచ్చి సాగనంపేది.

మన వృత్తికి నచ్చే సరదా ఇంకోటుంది. ఓబీడీ కేబుల్ ఒకటి, విండోస్ ఎక్స్‌పీ ఉన్న ఓ ముసలి లాప్‌టాప్ ఒకటి ఉంటే, ఎన్‌సీఎస్ ఎక్స్‌పర్ట్ అనే ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్‌తో బండిలో ఉన్న కంట్రోల్ మాడ్యూళ్ళ సెట్టింగులు మార్చుకోవచ్చు. అది మాడ్యూల్ లోంచి సెట్టింగులన్నీ చదివి ఒక టెక్స్ట్ ఫైల్లో పడేస్తుంది. పేర్లన్నీ జర్మన్ ముక్కలు. వాటి పక్కన విలువ 'ఆక్టిఫ్' లేదా 'నిష్ట్ ఆక్టిఫ్'. మనం ఆ విలువ మార్చి, ఫైలు పేరు మార్చి మళ్ళీ లోపలికి రాయటమే. బండి కదలగానే తలుపులు వాటంతటవే లాక్ అవ్వాలా, పగలు లైట్లు వెలగాలా, ఇలాంటివన్నీ. డాక్యుమెంటేషన్ లేదు, కామెంట్లు లేవు, వేరియబుల్ పేర్లు మనకి రాని భాషలో. ఇరవై ఏళ్ళ నాటి వేరేవాళ్ళ కోడు ప్రొడక్షన్లో మార్చటమన్నమాట. ఆఫీసులో దీనికి జీతం తీసుకుని తిట్టుకుంటాం. ఇంట్లో రాత్రి ఒంటి గంట దాకా ఊరికే కూర్చుని సంబరపడతాం.

ఈ మూడేళ్ళలో నేను చెయ్యని పనుల లిస్టు కూడా చెప్పాలి. రేడియేటర్ వైపు చూడలేదు. నీళ్ళ పంపు ఎప్పటిదో తెలుసుకోలేదు. ముందు ఓనరు ఇచ్చిన బిల్లుల కవరు విప్పి చదవలేదు. ఈ బండ్లలో కూలింగ్ సామాను చాలావరకు ప్లాస్టిక్. వేడీ చల్లదనం, వేడీ చల్లదనం - వేలసార్లు తిని తిని అది పెళుసుబారుతుంది. ఎనభై వేల మైళ్ళకోసారి, పాడైనా పాడవకపోయినా, మొత్తం సెట్టు మార్చెయ్యమని అనుభవమున్నవాళ్ళందరూ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తారు. నేనూ చదివాను. కానీ కొత్త నీళ్ళ ట్యాంకు వేస్తే ఎవరికి కనబడుతుంది? కొత్త చక్రాలు వేస్తే పార్కింగ్ లాట్‌లో నలుగురు వెనక్కి తిరిగి చూస్తారు. నా లెక్క అదీ.

2019 జులైలో అమ్మా నాన్నా వచ్చారు. మేముండేది నార్త్ కరోలినాలో, రాలీ పక్కన. నాన్న విజయవాడలో ఆర్టీసీ డిపో గ్యారేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. జీవితమంతా బస్సుల కిందే. కొడుకు కంప్యూటర్ ఇంజనీరయ్యాడని, చేతికి గ్రీజు అంటకుండా బతుకుతున్నాడని నలుగురికీ చెప్పుకున్న మనిషి. నేను గరాజ్ తలుపెత్తి కారు చూపిస్తే చుట్టూ ఒకసారి తిరిగారు. చక్రాలు చూశారు, ఏమీ అనలేదు. ముందు వైపు వంగి వాసన పీల్చారు.

"తియ్యటి వాసనొస్తోందిరా. కూలెంట్ ఎక్కడో కారుతున్నట్టుంది."

నిజానికి పది పదిహేను రోజులుగా పొద్దున బండి తీసినప్పుడల్లా డాష్‌బోర్డు మీద పసుపు దీపం ఒకటి వెలుగుతోంది, కూలెంట్ తగ్గింది చూసుకోమని. నేను కాస్త పోసి మూత పెడుతున్నాను. సెన్సర్ ముసలిదైపోయుంటుందిలే అనుకున్నాను. ఆఫీసులో ఎలర్ట్‌ని స్నూజ్ చేసేవాళ్ళని మీటింగులో ఎన్ని మాటలన్నానో నాకే తెలుసు.

"ఏం లేదు నాన్నా, టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది" అన్నాను.

ఆ శనివారం యాష్‌విల్ వైపు ప్రయాణం. మా ఆవిడ "ఏవండీ, అయిదుగురం ఉన్నాం, వ్యాన్ తియ్యండి" అంది. కానీ బ్లూ రిడ్జ్ పార్క్‌వే లాంటి మెలికల దారిలో వ్యాన్ ఏమిటి! నాన్నకి నా కాయిలోవర్ల పనితనం చూపించాలి కదా. వెనక అమ్మ, మా ఆవిడ, మధ్యలో తొమ్మిదేళ్ళ మా అమ్మాయి. ముందు నాన్న.

ఐ-40 మీద ఓల్డ్ ఫోర్ట్ దాటాక కొండ మొదలవుతుంది. సుమారు అయిదు మైళ్ళు, ఆరు శాతం ఎక్కుడు. లారీలన్నీ కుడి వైపు లేన్లో ఆయాసపడుతూ ఎక్కుతుంటాయి. జులై ఎండ, ఫుల్లుగా ఏసీ, అయిదుగురి బరువు. సగం కొండెక్కామో లేదో మా ఆవిడ "ఏదో కాలుతున్న వాసన" అంది. నాన్న "ఆపరా" అన్నారు. నేను డాష్‌బోర్డు చూశాను. ముల్లు నిటారుగా మధ్యలో ఉంది.

"ముల్లు మధ్యలోనే ఉంది నాన్నా."

"ముల్లు సంగతి తర్వాత. ముందు బండి ఆపు!"

ఆ గొంతు నేను చిన్నప్పుడు రెండు మూడుసార్లు విన్నాను. పక్కకి తీస్తున్నాను, అంతలో ముల్లు ఒక్క గెంతులో ఎరుపులోకి పోయింది. బానెట్ అంచుల్లోంచి తెల్లటి పొగ. ఇంజన్ కట్టేసి అందర్నీ కుడి వైపు నుంచి దింపి రెయిలింగ్ అవతలికి పంపాను. మూడడుగుల దూరంలో లారీలు పోతుంటే కారు మొత్తం ఊగుతోంది. మా అమ్మాయి నానమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని "నాన్నా, కారు పేలిపోతుందా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఆ మాట ఏ ధైర్యంతో అన్నానో నాకిప్పటికీ తెలీదు.

అక్కడితో ఆగానా? కంగారులో బానెట్ ఎత్తి ట్యాంకు మూత మీద చెయ్యి వెయ్యబోయాను. నాన్న నా మణికట్టు పట్టుకుని లాగేశారు. తన కుడి చేతి చొక్కా పైకి మడిచి చూపించారు. మోచేతి నుంచి మణికట్టు దాకా మెరిసే పాత మచ్చ. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే, ఎప్పుడూ అడగలేదు. శ్రీశైలం బస్సు దోర్నాల ఘాట్‌లో కాగిపోతే, ఆగకుండా రేడియేటర్ మూత తిప్పిన రోజుదట. ఈ బండి ట్యాంకు మూత రెండు బార్ల ప్రెషర్ దాకా పట్టి ఉంచుతుంది. లోపలున్నది నూరు డిగ్రీలు దాటినా ఆ ఒత్తిడి వల్ల మరగదు. మూత తీసిన క్షణంలో మొత్తం ఆవిరై మొహం మీదికొస్తుంది.

టో ట్రక్కు రెండు గంటలకొచ్చింది. ఆ రెండు గంటలూ ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇంటికొచ్చి విప్పితే, ట్యాంకు అతుకు దగ్గర నిలువునా చీలి ఉంది. పై గొట్టం తగిలించే రేడియేటర్ మెడ వేలితో నొక్కితే మారీ బిస్కెట్టులా రాలింది. తప్పు తయారుచేసినవాళ్ళది కాదు. దాని వయసు అయిపోయిందని తెలిసీ వాడుకున్నవాడిది. అదృష్టం ఏమిటంటే నాన్న ఆపమన్న చోట ఆపాను. అల్యూమినియం ఇంజన్ ఇది, కాగిపోతే హెడ్ వంగుతుంది, హెడ్ బోల్టుల మరలు బ్లాక్‌లోంచి ఊడొస్తాయి. ఇంకో మైలు పోయుంటే బండి స్క్రాపే.

నేను ట్యాంకు ఒక్కటి ఆర్డర్ చెయ్యబోతే నాన్న అన్నారు: "ఒక్కటే మార్చి వదిలెయ్యకు. మిగతావన్నీ దాని ఈడువే." కాబట్టి రేడియేటర్, పంపు, థర్మోస్టాట్, గొట్టాలు, బెల్టులు, టెన్షనర్ అన్నీ తెప్పించాం. ఎగ్జాస్టుకి పెట్టిన దాంట్లో సగం కూడా కాలేదు.

రెండు రోజులు ఇద్దరం గరాజ్‌లో. ఫ్యాన్ ఊడదియ్యటానికి పెద్ద పానా పెట్టి నేను గంటసేపు వేలాడాను, కదల్లేదు. నాన్న ఫ్యాన్ ఎటు తిరుగుతుందో అడిగారు. చెప్పాను. "అయితే రివర్స్ త్రెడ్డురా. లేకపోతే తిరిగే కొద్దీ అదే ఊడిపోదూ?" అని రెండో వైపు ఒక్క దెబ్బ కొట్టారు, వచ్చేసింది. జీవితంలో ఆ కారు ఎక్కటం ఆయనకి అది రెండోసారి. ఆయన పని చేసే పద్ధతి చూసి నాకు సిగ్గేసింది. అట్టముక్క మీద ఇంజన్ ముందు భాగం బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడే అట్టకి గుచ్చిపెట్టారు. విప్పిన ప్రతి భాగాన్నీ గుడ్డతో తుడిచాకే కింద పెట్టారు. నేను ఒట్టి జాకీ మీదున్న కారు కిందికి తల పెట్టబోతే "స్టాండ్లు పెట్టకుండా దూరితే కాళ్ళు పట్టి లాగుతా" అన్నారు. చివర్న నీలం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, గాలి స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా నెమ్మదిగా పోశాం. పన్నెండేళ్ళుగా ఫోన్లో 'తిన్నావా, తిన్నాం' తప్ప మా మధ్య మాటల్లేవు. ఆ రెండు రోజులూ ఆయన ఆగకుండా మాట్లాడారు.

ఇక ముల్లు సంగతి. అది ఎందుకు అబద్ధం చెప్పిందో తర్వాత తెలిసింది. అది పాడవలేదు, దాన్ని తయారు చేసిందే అలా. సుమారు 75 డిగ్రీల నుంచి 115 దాకా ఎక్కడున్నా ముల్లు మధ్యలోనే నిలబడేట్టు ప్రోగ్రామ్ చేశారు. కొండెక్కినప్పుడల్లా కదులుతుంటే డ్రైవరు కంగారు పడతాడని. అంటే కదలటం మొదలుపెట్టేసరికే పుణ్యకాలం కాస్తా అయిపోతుంది. మనం మేనేజర్లకి చూపించే డాష్‌బోర్డులు గుర్తొచ్చాయి నాకు. అంతా సగటు చేసి, నున్నగా చేసి, పచ్చగా చూపిస్తాం.

అసలు అంకె కూడా అక్కడే ఉంది. స్పీడోమీటర్ పక్కన ట్రిప్ రీసెట్ బొత్తాం నొక్కి పట్టుకుంటే ఒక రహస్య మెనూ వస్తుంది. దానికి తాళం ఉంటుంది. ఛాసిస్ నంబరులో చివరి అయిదంకెలు కూడితే వచ్చేదే తాళంచెవి. తెరిస్తే కూలెంట్ ఎన్ని డిగ్రీలుందో అంకెల్లో కనబడుతుంది. ఇప్పుడు నా బండి ఎప్పుడూ ఆ తెరతోనే నడుస్తుంది. థర్మోస్టాట్ మామూలుగా 97 దగ్గర తెరుచుకుంటుంది, కాబట్టి ఆ చుట్టుపక్కల ఉంటే నాకు మనశ్శాంతి.

ఆ తర్వాత ఓ నోట్‌బుక్ పెట్టాం. మొదటి పేజీ నాన్న చేతిరాత, తెలుగులో. తేదీ, మైళ్ళు, మార్చిన వస్తువు, ఎందుకు మార్చాం. డిపోలో ఏ బస్సుకైనా అలాగే రాసేవారట. ఆ 'ఎందుకు' ఎంత ముఖ్యమో 2023లో తెలిసింది.

టకాటా ఎయిర్‌బ్యాగుల గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. వాటిల్లో గాలి నింపటానికి వాడిన అమ్మోనియం నైట్రేట్ వేడికీ తేమకీ ఏళ్ళ తరబడి చెడిపోయి, విచ్చుకోవాల్సిన సమయంలో ఇనప డబ్బానే పేల్చేస్తుంది. ముక్కలు డ్రైవరు మెడకీ మొహానికీ తగులుతాయి. ఒక్క అమెరికాలోనే పాతిక మందికి పైగా పోయారు. 2023 మేలో ఇక్కడి రోడ్డు భద్రతా సంస్థ, 2000-2006 మధ్య మోడల్స్‌లో ఎయిర్‌బ్యాగ్ మార్పించుకోని సుమారు 90,000 బీఎమ్‌డబ్ల్యూలని అసలు నడపొద్దని హెచ్చరించింది. నేను నా ఛాసిస్ నంబరు కొట్టి చూశాను. 'రీకాల్ పూర్తయింది' అని వచ్చింది. హమ్మయ్య అనుకుని నోట్‌బుక్‌లో రాయబోతుంటే చెయ్యి ఆగింది. ఈ స్టీరింగ్ అసలు ఈ కారుదేనా?

మూడేళ్ళు ముట్టుకోని ఆ బిల్లుల కవరు అప్పుడు మొత్తం చదివాను. డీలరు ఎయిర్‌బ్యాగ్ మార్చాక, అందంగా ఉంటుందని ముందు ఓనరు వేరే కారులోంచి ఊడదీసిన స్పోర్ట్స్ స్టీరింగ్ కొని తగిలించాడు. రికార్డు ఒక స్టీరింగ్‌ది, చేతిలో ఉన్నది ఇంకోటి. ఎయిర్‌బ్యాగ్ మనం గరాజ్‌లో విప్పే వస్తువు కాదు కాబట్టి బండిని కదపకుండా ఉంచి డీలరు దగ్గరికి ట్రక్కు మీద పంపాను. అనుమానం నిజమే, లోపల పాతదే ఉంది. ఏడేళ్ళు ఆ స్టీరింగ్ వెనక కూర్చున్నాను. ఇది నా ఒక్కడి కథ కూడా కాదు. 2024లో తర్వాతి తరం 3 సిరీస్ కార్లని దాదాపు 3.9 లక్షలు రీకాల్ చేసింది, యజమానులు ఇలాగే స్టీరింగ్‌లు మార్చి ఉండచ్చన్న అనుమానంతోనే.

నేను బండ్లు మార్చుకోవటానికి వ్యతిరేకిని కాదు. కాయిలోవర్లు ఇప్పటికీ ఉన్నాయి, పక్కింటి కుక్క ఇప్పటికీ వస్తుంది. నా అభిప్రాయమల్లా, మార్చే హక్కు కాపాడుకోవటం ద్వారా సంపాదించుకోవాలి. ముందు కూలింగ్, బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ బుష్షులు. గట్టి స్ప్రింగులు వేసే ముందు వెనక సబ్‌ఫ్రేమ్ బిగించిన చోట రేకు చీలిందేమో చూడటం, ఈ46లకి అదొక తెలిసిన జబ్బు. చేసిన ప్రతి మార్పూ తేదీతో సహా రాసిపెట్టటం. మన తర్వాత ఆ సీట్లో ఎవరు కూర్చుంటారో మనకి తెలీదు. అంత ఓపిక లేకపోతే పోస్టర్ కొని గోడకి అంటించుకోవటం మేలు.

ఇక ఆ కుర్రాడి ప్రశ్న. ఏడేళ్ళ క్రితమైతే "ఆ శబ్దం విన్నావా!" అనేవాణ్ణి. ఇప్పుడైతే, నేను పూర్తిగా అర్థం చేసుకున్న యంత్రం నా జీవితంలో ఇదొక్కటే అంటాను. ఆఫీసులో నేను రాసిన సిస్టమ్ కూడా నాకు ఇంత తెలీదు.

కానీ ఆ మాటని కూడా అతిగా నమ్మకూడదు. మా అమ్మాయికి ఈ ఏడాది పదిహేను నిండాయి, లెర్నర్స్ పర్మిట్ వచ్చింది. "నాన్నా, నేను ఈ కారే నడుపుతా" అని పట్టు. క్లచ్ నేర్పిస్తాను, ఆదివారం పూట హైస్కూల్ ఖాళీ పార్కింగ్ లాట్‌లో. రోడ్డు మీద ఒంటరిగా వెళ్ళే రోజు మాత్రం కొత్త కారులోనే పంపిస్తాను. ఇరవై రెండేళ్ళ నాటి ఇనుము మీద నాకెంత ప్రేమున్నా, గుద్దుకున్నప్పుడు కాపాడే విద్యలో ఈ ఇరవై రెండేళ్ళూ ఊరికే పోలేదు. ఆ మాట చెప్తే రెండు రోజులు అలిగింది. అలగనీ.

నాన్న ఇప్పుడు విజయవాడలోనే ఉన్నారు, మోకాళ్ళ నొప్పుల వల్ల మళ్ళీ రాలేకపోయారు. వాట్సాప్‌లో కనబడగానే మొదటి ప్రశ్న "ముల్లు ఎక్కడుందిరా?" అని, నవ్వుతూ. పోయిన వారం ఆయన అడిగినప్పుడు అది స్టీరింగ్ వెనక కూర్చునుంది, మొదటి గేరులో మూడుసార్లు ఆపేసిన కోపంలో. నేను ఫోన్ దాని వైపు తిప్పాను.

"ముల్లు చూడట్లేదు తాతయ్యా" అంది, "తొంభై ఆరు."